క్లైమేట్ పదాలను ఇంగ్లిష్ నుంచి ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్‌లోకి మార్చడం ఎలా?

జర్మన్ బి2 స్థాయి పరీక్ష పాసై, ఒకటి రెండు చిన్న అనువాదాలు చేసి ఉంటారు. ఇంతలో ఒక పర్యావరణ నివేదిక చేతికొస్తుంది. అప్పుడు విజయవాడ, గుంటూరు నుంచి నాకు వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: ఇంగ్లిష్‌లో క్లైమేట్ వేరియబిలిటీ, ఫ్లక్చుయేషన్, అనామలీ, ఛేంజ్ అని నాలుగు మాటలున్నాయి, డిక్షనరీ ఒక్కోదానికి మూడేసి చూపిస్తోంది, ఏది రాయాలి? గుంటూరు మిర్చి ఎగుమతి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు, ఎందుకంటే యూరప్ నుంచి వచ్చే ఫారాల్లో ఇప్పుడు కరువు రిస్కు, వరద రిస్కు, ఉద్గారాల లెక్క కూడా ఉంటున్నాయి. అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్తాను. మాటకు మాట వెతకొద్దు. ఆ మాట ఏ లెక్కను చెబుతోంది, ఎంత కాలానికి, దేనితో పోల్చి, ఈ మూడూ తేలాకే అవతలి భాష తెరవండి. కింద ఉన్న స్టెప్పులన్నీ దీని చుట్టూ తిరిగేవే.

కావలసినవి

- ఒక ఎక్సెల్ షీటు. కాలమ్‌లు: ఇంగ్లిష్ పదం, తెలుగులో ఒక్క లైను వివరణ, అవతలి భాష పదం, ఎక్కడ దొరికింది, తేదీ.
- యూరోపియన్ యూనియన్ పదకోశం ఐఏటీఈ (24 అధికార భాషలు), ఐక్యరాజ్యసమితి యుఎన్‌టెర్మ్, ప్రపంచ వాతావరణ సంస్థ మెటియోటెర్మ్. మూడూ ఉచితమే.
- శీతోష్ణస్థితి మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఐపీసీసీ నివేదికల్లో విధానకర్తల కోసం రాసే సారాంశం, ఇంగ్లిష్‌లో ఒకటి, అవతలి భాషలో ఒకటి.
- యూరోపియన్ చట్టాల సైట్ యుర్‌లెక్స్. ఇందులో ఒకే చట్టాన్ని భాషలు పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు.
- ఒక క్యాలిక్యులేటర్. పనికొస్తుంది, నమ్మండి.

ఇక్కడ విదేశీ పదాలన్నీ తెలుగు లిపిలో, పలికే తీరుకు దగ్గరగా రాస్తున్నాను. స్పెల్లింగ్ మాత్రం పై పదకోశాల్లోంచే తీసుకోండి, చెవిని నమ్మి టైప్ చేయొద్దు.

1. రాసింది ఎవరో చూడండి

పావుగంట పని, కానీ చాలామంది వదిలేస్తారు. క్లైమేట్ ఛేంజ్ అనే మాటకే రెండు నిర్వచనాలున్నాయి. 1992 నాటి ఐక్యరాజ్యసమితి క్లైమేట్ ఒప్పందం ప్రకారం అది మనుషుల వల్ల, నేరుగానో పరోక్షంగానో, వచ్చిన మార్పు మాత్రమే. సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు దానికి బయట ఉంటాయి. ఐపీసీసీ వాడుకలో అయితే దశాబ్దాలో అంతకన్నా ఎక్కువో నిలిచే మార్పు ఏదైనా, కారణం సహజమైనా మనిషైనా, అందులోకే వస్తుంది. ఒకే పేజీలో ఛేంజ్, వేరియబిలిటీ రెండూ ఉంటే ఆ రచయిత ఏ గీత గీశాడో ముందు పట్టుకోండి. అది తెలియకుండా రెంటికీ ఒకే జర్మన్ మాట వాడితే వాక్యం అర్థమే పోతుంది.

2. వెదర్, క్లైమేట్ విడదీయండి

మనకు ఇక్కడ ఒక చిక్కుంది. పేపర్లో వాతావరణం అంటే వెదరూ అదే, క్లైమేటూ అదే, ఒక్కోసారి భూమి చుట్టూ ఉన్న గాలి పొర కూడా అదే. తెలుగులో ఆలోచించి జర్మన్‌లో రాసేటప్పుడు ఈ మూడూ కలిసిపోతాయి. అందుకే మీ షీటులోని వివరణ కాలమ్‌లో క్లైమేట్‌కి శీతోష్ణస్థితి అనే రాయండి, స్కూలు పుస్తకంలో ఉన్నట్టు. వెదర్‌కి మాత్రమే వాతావరణం.

జర్మన్‌లో ఇది రెండు గదులు కాదు, మూడు. ఈ గంట, ఈ రోజు సంగతి వెట్టర్. కొన్ని రోజుల నుంచి ఒక సీజన్ దాకా సాగే తీరు విట్టరుంగ్. 30 ఏళ్ల సగటు స్థాయిలో చెప్పేది క్లీమా. ఈ జూన్ అంతా వానలు సరిగా పడలేదు అనే వాక్యంలో వెట్టర్ కంటే విట్టరుంగ్ సరిగ్గా అతుకుతుంది. ఇంగ్లిష్‌లో దానికి విడిగా మాట లేదు కాబట్టి మెషీన్ దాన్ని వెట్టర్ అని తోసేసే అవకాశం ఎక్కువ.

ఫ్రెంచ్ తాఁ, స్పానిష్ తియెంపో, రెంటికీ వెదర్ అనీ కాలం అనీ రెండర్థాలు. టైమ్ సిరీస్, వెదర్ సిరీస్ పక్కపక్కన వచ్చే వాక్యాల్లో జాగ్రత్త. అనుమానం వస్తే వెదర్ ఉన్నచోట వాతావరణ పరిస్థితులు అని కాస్త పొడుగ్గానే రాయండి, తప్పేం లేదు.

3. ఒడిదుడుకుల కుటుంబాన్ని విడగొట్టండి

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా వెళ్దాం.

అనామలీ అంటే ఒక్క అంకె. ఒక సగటు నుంచి ఈ నెల ఎంత దూరం జరిగిందో అది. ఫ్రెంచ్‌లో అనొమలీ అనొచ్చు, లేదా ఎకార్ అ లా నొర్మాల్. జర్మన్‌లో అనొమలీ లేదా ఆబ్‌వైఖుంగ్. స్పానిష్‌లో అనొమలీయా. వింత, అసాధారణం అనే అర్థం ఇందులో ఉండాల్సిన పని లేదు, 0.1 డిగ్రీ తేడా కూడా అనామలీయే. ఎకార్ వెనక టిప్ అని చేరితే అది స్టాటిస్టిక్స్‌లోని ప్రామాణిక విచలనం, వేరే లెక్క. జర్మన్‌లోనూ ఆబ్‌వైఖుంగ్ ముందు ష్టాండర్డ్ చేరితే అంతే.

వేరియబిలిటీ అంటే సగటు చుట్టూ ఉండే చెదురు మొత్తం, ఒక గుణం. ఫ్రెంచ్‌లో వరియబిలితే క్లిమతీక్, జర్మన్‌లో క్లీమావరియబిలిటేట్, స్పానిష్‌లో వరియబిలిదాద్ క్లిమాతికా.

ఫ్లక్చుయేషన్ ఆ చెదురులో కనిపించే ఒక్కో ఎగుడుదిగుడు. జర్మన్‌లో దీనికి క్లీమాష్వాంకుంగ్ అనే చక్కటి మాట ఉంది, పైకీ కిందకీ ఊగి మళ్లీ ఆ చుట్టుపక్కలకే వచ్చే దానికి అది సరిపోతుంది. వెళ్లి తిరిగిరాని మార్పుకు మాత్రం క్లీమావాండెల్. ఈ రెండూ తారుమారైతే క్లయింట్ సీరియస్‌గా తీసుకుంటాడు, ఎందుకంటే మనుషుల వల్ల వస్తున్న వేడెక్కడాన్ని మామూలు ఊగిసలాటగా కొట్టిపారేసినట్టు చదువుకుంటాడు.

ఆసిలేషన్ అనే మాట పేరున్న వాటికి ఉంచండి. ఎల్ నినోతో కలిసి నడిచే సదరన్ ఆసిలేషన్ రెండు నుంచి ఏడేళ్ల మధ్య తిరిగొస్తుంది, కచ్చితమైన గడువు లేదు, కాబట్టి దాన్ని సైకిల్ అని మార్చేయకండి. ఆ పేరు పెట్టింది గిల్బర్ట్ వాకర్, 1904 నుంచి భారత వాతావరణ శాఖను నడిపిన మనిషి. మన రుతుపవనాలను ముందే చెప్పగలమా అని వెతుకుతూనే ఆయన అక్కడికి చేరాడు. ఎల్ నినో, సదరన్ ఆసిలేషన్ రెంటినీ కలిపి చెప్పే ఎన్సో అనే పొడి అక్షరాలు స్పానిష్‌లో ఎనోస్‌గా మారతాయి, అక్షరాల వరుస మారుతుంది, చూసుకోండి.

ట్రెండ్ అంటే దిశ. తాందాఁస్, ట్రెండ్, తెందెన్సియా. తేలికే.

4. అదే పత్రం అవతలి భాషలో ఉందేమో వెతకండి

డిక్షనరీ కంటే ఇది వంద రెట్లు మేలు. ఐపీసీసీ సారాంశంలో ప్రతి పేరాకి ఏ.1, ఏ.1.2 ఇలా నంబరుంటుంది. 2021 నివేదికలో ఏ.1.2 ఇంగ్లిష్‌లో తెరిచి, అదే నంబరు ఫ్రెంచ్‌లో తెరవండి. 1850–1900తో పోలిస్తే 2011–2020లో భూగోళ ఉపరితల ఉష్ణోగ్రత 1.09 డిగ్రీలు ఎక్కువ అనే వాక్యం రెండు చోట్లా కనపడుతుంది. అంకెను పట్టుకుని అటూ ఇటూ ఉన్న మాటల్ని జత చేసుకుంటూ వెళ్లండి. గంట కూర్చుంటే షీటు సగం నిండుతుంది.

జర్మన్, ఇటాలియన్ ఐక్యరాజ్యసమితి అధికార భాషలు కావు. వాటికి యుర్‌లెక్స్‌కి వెళ్లండి. 2021/1119 నంబరున్న యూరోపియన్ క్లైమేట్ చట్టం మంచి మొదలు. జర్మన్‌కి ఐపీసీసీ జర్మన్ సమన్వయ కార్యాలయం చేసిన అనువాదాలు కూడా ఉన్నాయి.

సంస్థల పేర్లు మీరు సొంతంగా అనువదించొద్దు. ఐపీసీసీని ఫ్రెంచ్‌లో జియెక్ అంటారు, ఆ పేరులో మార్పు అనే మాట బదులు ఎవొల్యుసియోఁ ఉంటుంది. స్పానిష్‌లో ఐపీసీసీ అలాగే ఉంటుంది. జర్మన్ పేపర్లు వెల్ట్‌క్లీమారాట్ అంటాయి. ఐక్యరాజ్యసమితి ఒప్పందం పేరు ఫ్రెంచ్‌లో మార్పులు అని బహువచనం. గ్రీన్‌హౌస్ వాయువుల పొడి పేరు ఇంగ్లిష్‌లో జీహెచ్‌జీ అయితే ఫ్రెంచ్‌లో జీఈఎస్, స్పానిష్‌లో జీఈఐ, జర్మన్‌లో టీహెచ్‌జీ. టేబుల్ హెడ్డింగుల్లో ఇవి తప్పకుండా వస్తాయి.

టైమ్ లేదంటే? ఐఏటీఈ ఒక్కటే చూడండి, కానీ పదం పక్కన నమ్మకాన్ని చెప్పే నక్షత్రాలుంటాయి, తక్కువ నక్షత్రాలున్న దాన్ని ఒంటరిగా నమ్మొద్దు.

5. వరద, వడగాలి, వాయుగుండం: వీటికి తెలుగే సాయం

కృష్ణలో నీటిమట్టం పెరిగి ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తితే అది వరద. బుడమేరు సింగ్‌నగర్ ఇళ్లలోకి వస్తే అది ముంపు. ఇంగ్లిష్ రెంటినీ ఫ్లడ్ అనేస్తుంది. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ అలా అనవు: నదిలో పెరుగుదల క్ర్యూ, హోఖ్‌వాసర్, క్రెసీదా; నేల మునగడం ఇనొందసియోఁ, ఊబర్‌ష్వెమ్ముంగ్, ఇనుందసియోన్. ఇంగ్లిష్ వాక్యంలో ఫ్లడ్ కనపడగానే మనసులో వరదా ముంపా అని ప్రశ్నించుకుని, జవాబును బట్టి వెళ్లండి. విజయవాడలో 2024 సెప్టెంబర్ చూసినవాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

వడగాల్పులకి మాత్రం ఆగి చూడాలి. మన వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే హీట్ వేవ్. 45కి చేరితే తేడా చూడకుండానే హీట్ వేవ్. ఫ్రెంచ్ కనిక్యూల్ అలా కాదు, అది పగలూ రాత్రీ రెండూ కలిపి కనీసం మూడు రోజులు చూసే లెక్క, హద్దులు జిల్లాజిల్లాకీ మారతాయి. పారిస్ హద్దు పగలు 31, రాత్రి 21. మన రెంటచింతలకు వేసవిలో అది మామూలు రోజు కంటే చల్లన. కాబట్టి భారత బులెటిన్‌లోని హీట్ వేవ్‌ను కనిక్యూల్ అనకండి, వాగ్ ద షలర్ అని రాసి మన హద్దును ఒక ముక్కలో చేర్చండి. స్పానిష్‌లో ఓలా దె కలోర్, జర్మన్‌లో హిట్సెవెల్లె.

డిప్రెషన్ ఇంకో ఉచ్చు. మన శాఖ వాడుకలో అది వాయుగుండం, గాలి వేగం గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లు. ఫ్రెంచ్‌లో దెప్రెసియోఁ అంటే ఏ అల్పపీడనమైనా కావొచ్చు. వేగం కూడా రాస్తే సందేహం ఉండదు.

6. అంకెలు (ఇక్కడే డబ్బులు పోతాయి)

బిలియన్. ఇంగ్లిష్ బిలియన్ మన 100 కోట్లు. జర్మన్‌లో, ఫ్రెంచ్‌లో అదే స్పెల్లింగు మాట అంటే లక్ష కోట్లు. 2019లో ప్రపంచ గ్రీన్‌హౌస్ ఉద్గారాలు 59 గిగాటన్నులు, అంటే 59 ఇంగ్లిష్ బిలియన్ టన్నులు, అంటే 5,900 కోట్ల టన్నులు. జర్మన్‌లో 59 మిలియార్డెన్. 59 బిలియోనెన్ అని రాశారా, వెయ్యి రెట్లు పెంచేసినట్టే. ఫ్రెంచ్‌లో మిలియార్, స్పానిష్‌లో 59 మిల్ మియోనెస్. ప్రతి పెద్ద అంకెనీ ఒకసారి కోట్లలోకి మార్చి పక్కన పెన్సిల్‌తో రాసుకోండి, అటు నుంచీ మార్చి చూడండి, రెండూ కలవాలి.

దశాంశం. ఇంగ్లిష్ 1.5 యూరప్‌లో 1,5. జర్మన్‌లో 1.500 అంటే పదిహేను వందలు. ఫైల్ మొత్తం ఒకేసారి ఫైండ్ రీప్లేస్ కొట్టకండి, తేదీలూ పేరా నంబర్లూ చెడిపోతాయి.

తేడా డిగ్రీలు. ఉష్ణోగ్రత 1.5 సెల్సియస్ పెరిగింది అంటే ఫారెన్‌హీట్‌లో 2.7 పెరిగింది. 34.7 కాదు. ఉష్ణోగ్రతను మార్చేటప్పుడే 32 కలపాలి, తేడాను మార్చేటప్పుడు కలపకూడదు. ఆన్‌లైన్ కన్వర్టర్లు అది తేడా అని గుర్తుపట్టవు.

కార్బనా, కార్బన్ డయాక్సైడా? టన్ను కార్బన్ దాదాపు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మనం మాటల్లో కర్బన ఉద్గారాలు అనేస్తాం కానీ టేబుల్‌లో ఏది ఉందో అదే వెళ్లాలి.

క్యూసెక్కులు, టీఎంసీలు యూరప్ వాడికి అర్థం కావు. ఒక టీఎంసీ అంటే దాదాపు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. సెకనుకు ఒక ఘనపు మీటరు అంటే దాదాపు 35.3 క్యూసెక్కులు. 2024 వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచి వెళ్లింది 11 లక్షల క్యూసెక్కులకు పైనే, అంటే సెకనుకు 31 వేల ఘనపు మీటర్ల పైమాట. అసలు అంకెను తీసేయకుండా బ్రాకెట్లో మార్చింది ఇవ్వండి.

ఇంకొకటి, పోలిక కాలం. నార్మల్ అనే మాట పక్కన ఏ ఏళ్ల సగటో రాసి ఉంటే దాన్ని వదలొద్దు. ఐపీసీసీ 1850–1900తో పోలుస్తుంది, వాతావరణ సంస్థల ప్రస్తుత 30 ఏళ్ల సగటు 1991–2020, మన నైరుతి వర్షపాతానికి వాడే సగటు 1971–2020ది, 87 సెంటీమీటర్లు. నార్మల్ మాన్‌సూన్ అంటే అందులో 96 నుంచి 104 శాతం. ఆ శాతం లేకుండా నార్మల్ అని మాత్రమే రాస్తే ఫ్రెంచ్ పాఠకుడికి ఏమీ చెప్పినట్టు కాదు.

7. బహుశా, చాలావరకు: వీటిలో చెయ్యి పెట్టకండి

ఐపీసీసీ రాతలో లైక్లీ అంటే 66 నుంచి 100 శాతం, వెరీ లైక్లీ 90 నుంచి 100, వర్చువల్లీ సర్టెన్ 99 నుంచి 100. ఇవి కొలిచి పెట్టిన మాటలు. ఫ్రెంచ్‌లో ప్రొబాబ్ల్, త్రే ప్రొబాబ్ల్. జర్మన్‌లో వార్‌షైన్‌లిష్, జేర్ వార్‌షైన్‌లిష్. స్పానిష్‌లో ప్రొబాబ్లె, ముయ్ ప్రొబాబ్లె. శైలి కోసం పర్యాయపదాలు మార్చి రాయాలనిపిస్తుంది, వద్దు. ఒకే మాట పదిసార్లు వచ్చినా పదిసార్లూ అదే ఉండాలి.

ఇక్కడే పోలిక చూసి మనం మోసపోయే మాటలు కూడా చెప్పేస్తాను. జర్మన్ ఎవెంటుఎల్, ఫ్రెంచ్ ఎవాఁత్యుయెల్ అంటే జరిగితే జరగొచ్చు అని. ఇంగ్లిష్ ఎవెంచువల్ అంటే చివరికి జరిగేది. స్పానిష్ అక్తువాల్, ఫ్రెంచ్ అక్త్యుయెల్ అంటే ప్రస్తుత అని, ఇంగ్లిష్ యాక్చువల్‌లా నిజమైన అని కాదు. జర్మన్ క్లీమాషుట్స్‌ని విడగొడితే శీతోష్ణస్థితి రక్షణ అని వస్తుంది కానీ ఇంగ్లిష్‌లోకి తేవాల్సింది చాలాచోట్ల మిటిగేషన్, అంటే ఉద్గారాలను తగ్గించే పని.

8. మెషీన్ అనువాదం వాడొచ్చు, ఇలా

వాక్యం మొత్తం ఇవ్వండి, టేబుల్ గడి ఒంటరిగా ఇవ్వొద్దు. మన వాతావరణ శాఖ టేబుల్‌లో డిపార్చర్ అనే కాలమ్ ఉంటుంది, మామూలు నుంచి తేడా అని. ఆ ఒక్క మాట ఇస్తే జర్మన్‌లో రైలు బయల్దేరే ఆబ్‌ఫార్ట్ వచ్చే ప్రమాదం ఉంది. పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ ఇస్తే స్పానిష్‌లో మెచ్చుకోలు వ్యాఖ్యలు రావొచ్చు. రావాల్సింది రెత్రొఅలిమెంతసియోన్ పొసితీవా, జర్మన్‌లో పొజిటీవె ర్యూక్‌కొప్లుంగ్. అది మంచి విషయమూ కాదు, మంచు కరిగి నేల బయటపడి ఇంకా వేడెక్కడం లాంటిది. వచ్చిన ప్రతి పదాన్నీ మీ షీటుతో పోల్చండి. తేడా ఉంటే షీటే గెలవాలి.

9. సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

ఒక అభ్యాస వాక్యం తీసుకుందాం: రెంటచింతలలో గరిష్ఠం 44 డిగ్రీలు, డిపార్చర్ ప్లస్ 3.5. మీ జర్మన్‌లో ఏం ఉండాలి? ఆబ్‌వైఖుంగ్ ఉండాలి, 3,5 అని కామా ఉండాలి, ఏ సగటుతో పోల్చారో ఉండాలి. హిట్సెవెల్లె ఉండకూడదు, ఎందుకంటే తేడా 4.5కి రాలేదు, గరిష్ఠం 45కి కూడా చేరలేదు. ఫారెన్‌హీట్ అడిగితే 111.2, తేడా 6.3.

తర్వాత వెనక్కి తిప్పండి: మీ అనువాదాన్ని మర్నాడు, ఇంగ్లిష్ చూడకుండా, తెలుగులో గట్టిగా చెప్పండి. వరదా ముంపా, ఊగిసలాటా మార్పా, తేడానా ఉష్ణోగ్రతా అని ఎక్కడ నోరు ఆగితే అక్కడ మీ అనువాదం కూడా తేలలేదని అర్థం.

ఆ తర్వాత ఒక్కో కీలక పదాన్ని ఫైల్లో వెతికి, అన్నిచోట్లా ఒకటే ఉందో లేదో చూడండి. అంకెలన్నీ మూలంతో ఒకదానికొకటి టిక్ పెట్టండి. ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు చూడటం ఇంకా మంచిది.

చివరికి తేలని మాటలు నాలుగైదు మిగులుతాయి. వాటిని మీరే తేల్చేసి పంపకండి. పేరా నంబరు, మీరు పెట్టిన పదం, ఇంకో ప్రత్యామ్నాయం, రెంటికీ తేడా ఒక్క లైనులో రాసి, అనువాదంతో పాటే క్లయింట్‌కి పంపండి. జవాబు వచ్చాక షీటులో తేదీ వేసి చేర్చుకుంటే వచ్చే పనికి అది సిద్ధంగా ఉంటుంది.